రిజిస్టర్ నిండింది గానీ...

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి రాత్రంతా మనసులో మెదులుతూనే ఉంది. రిజిస్టర్‌లో తప్పు ఉందని మీటింగ్‌లో అందరి ముందు, నీ కింద పనిచేసే ఆ ఏఎన్‌ఎం నర్సమ్మను గట్టిగా అన్నావు. అప్పటి నుంచి ఆమె అడిగినదానికి మాత్రం జవాబిచ్చి ఊరుకుంటోంది. "ఉన్నదే కదా అత్తా నేనన్నది" అన్నావు. అవును, ఉన్నదే అన్నావు. నేను కూడా ఒకప్పుడు ఉన్నదే అన్నాను. ఆ కథ నోటితో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గు, అందుకే రాస్తున్నాను.

సూపర్‌వైజర్ అయిన కొత్తలో నాకూ దేవరకొండ అవతలి తండాలే. ఒక నెల మీటింగ్‌లో ఒకామె రిజిస్టర్ తెరిస్తే గర్భిణుల బీపీ గడులు సగం ఖాళీగా ఉన్నాయి. రిజిస్టర్ పైకెత్తి అందరికీ చూపించి, "జీతం దేనికి తీసుకుంటున్నవమ్మా?" అన్నాను. డాక్టర్ గారు కూడా అక్కడే ఉన్నారు. ఆమె తల వంచుకుంది. నేనేమో ఇంటికొచ్చి మీ మామయ్యకు గొప్పగా చెప్పుకున్నాను.

మరుసటి నెల ఒక్క గడి ఖాళీ లేదు. ఆమెదే కాదు, ఎవరి రిజిస్టర్‌లోనూ లేదు. నా మాటకు ఎంత విలువుందో అని మురిసిపోయాను. ఆ తర్వాత నెల ఒక తండాలో ఏడో నెల గర్భిణికి కాళ్లు ఉబ్బి కనిపిస్తే నా సంచిలోని బీపీ మిషన్ తీసి చూశాను. 150/100. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా, నాలుగు రోజుల కిందటి తేదీతో, 120/80. పేజీ తిప్పాను, అందరికీ 120/80. నీకు తెలుసు, 140/90 దగ్గరే మనం ఉలిక్కిపడాలి. అప్పటికి 108 ఇంకా రాలేదు. జీపు మాట్లాడి ఆస్పత్రికి పంపాము. తల్లీబిడ్డా దక్కారు.

ఈసారి ఆ ఏఎన్‌ఎం దగ్గరికి నేనే పోయాను. సబ్‌సెంటర్‌లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. చాలాసేపటికి నోరు విప్పింది. "మిషన్ల గాలి నిలుస్తలేదు మేడం. కొత్తది కావాలని ఇండెంట్ పెట్టి ఎనిమిది నెలలాయె. ఖాళీగ పెడితే మీరు తిడ్తిరి." ఆ ఖాళీ గడులు మిషన్ చెడిపోయిందని నాకు చెబుతూ వచ్చాయి. నేనే వాటి నోరు మూయించాను.

అందుకే ముందు అడుగు. నిలదీసినట్టు కాదు, నిజంగానే తెలుసుకోవడానికి. ఇంకొకామె డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులు అలాగే టీకాల క్యారియర్‌లో పెట్టుకుని పోయేది. ఊపితే నీళ్ల చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలని, లేకపోతే డీపీటీ టీకా గడ్డకట్టి పనికిరాకుండా పోతుందని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఎందుకమ్మా అంటే, తండాకు పోయే ఒకే బస్సు ఏడింటికి, పీహెచ్‌సీ తలుపు తీసేది ఆరూ ముక్కాలుకు. ఆమెకు పాఠం చెప్పి లాభమేముంది? ప్యాకులు తీసిపెట్టే మనిషిని అరగంట ముందు రమ్మని బతిమాలితే పని అయిపోయింది.

అన్నిటికీ ఇలాంటి కారణం ఉంటుందని అనను. ఒళ్లు వంచనివాళ్లూ ఉంటారు. వాళ్లకైనా కంటితో చూసింది చెప్పు. "నీకు నిర్లక్ష్యం ఎక్కువ" అంటే దానికి ఆమె ఏడవాలి, లేదా నీతో కొట్లాడాలి, అంతే. "పోయిన బుధవారం ఎంఆర్ టీకా సీసా మీద తెరిచిన టైం రాయలేదు, నాలుగు గంటలు దాటిందో లేదో నాకెట్ల తెలుస్తది?" అంటే అక్కడ మాట్లాడుకోవడానికి ఒక పని ఉంది. వాళ్లూ వీళ్లూ మోసుకొచ్చిన మాటలైతే అసలే తీయకు.

మెచ్చుకుని, తప్పు చెప్పి, మళ్లీ మెచ్చుకోవాలని ట్రైనింగ్‌లలో చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. "నువ్వు మంచిగ చేస్తవ్ అక్కా, గానీ..." అంటే ఆ 'గానీ' కోసమే చెవులు రిక్కించి కూర్చుంటారు. కొన్నాళ్లకు నువ్వు మెచ్చుకుంటే చాలు, జనం భయపడతారు. మెచ్చుకోవాల్సిన రోజు ఉత్తగా మెచ్చుకో. టీకా వద్దన్న ఇంటికి మూడుసార్లు పోయి ఒప్పించిందనుకో, ఆ ఇల్లు, ఆ మూడుసార్లు చెప్పి మెచ్చుకో. దాని తోక పట్టుకుని రిజిస్టర్ సంగతి తేకు.

టైం దాటిన సీసాలోంచి సూది నింపుతుంటే మాత్రం మర్యాదలు చూసుకోకు, చేయి పట్టుకుని ఆపు. కాకపోతే బిడ్డను ఎత్తుకున్న తల్లి ముందు కారణం చెప్పకు. "ఇంకో సీసా తీద్దాం అక్కా" అంటే చాలు. ఆ తండాలో రేపు కూడా ఆమే సూది వేయాలి కదా. తప్పుల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం కూడా మానెయ్, మీటింగ్‌లో అయితే పదిహేను మంది చూస్తారు, గ్రూప్‌లో అయితే జిల్లా వైద్యాధికారి ఆఫీసు దాకా పోతుంది.

ఇప్పుడు నువ్వు గట్టిగా అన్న ఆమె సంగతి. నీ గదికి పిలిపించకు. ఈ శనివారం టీకాలు అయ్యే వేళకు నువ్వే ఆమె సబ్‌సెంటర్‌కు పో. నీకన్నా పన్నెండేళ్లు పెద్దది, 'అక్కా' అను. "ఆ రోజు అందరి ముందు అనడం నాది తప్పు" అని అంతటితో ఆపు. రిజిస్టర్‌లో తప్పు ఉన్నమాట నిజమే, దానికి ఇంకోరోజు పో. వెంటనే కరిగిపోతుందని అనుకోకు, అప్పట్లో నేనన్న ఆమె నాతో మామూలుగా మాట్లాడటానికి ఏడాది పట్టింది.

పోయేటప్పుడు నీ బీపీ మిషన్ వెంట తీసుకుపో, ఆమెది ఎలా ఉందో ఒకసారి చూసి రా.

మీ అత్త
నల్లగొండ