అమ్మ జబ్బు పాపానికి శిక్షా?

మీ అమ్మకు క్యాన్సర్ అని తెలిశాక సంఘంలో (చర్చిలో) కొందరు "ఒప్పుకోని పాపమేదో ఉండుంటుంది, లేదా విశ్వాసం చాలదు" అన్నారని, బైబిల్ నిజంగా అదే చెబుతుందా అని అడిగారు. చెప్పదండి.

యోహాను 9వ అధ్యాయం తీయండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే: పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు యేసు ప్రభువు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకంటే పెద్ద పాపులనుకోవద్దని కూడా ఆయనే చెప్పాడు. ఇక విశ్వాసం అంటారా, అపొస్తలుడైన పౌలు చేతుల మీదుగా ఎంతోమంది బాగుపడ్డారు, అయినా తన వెంట తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి రావాల్సి వచ్చింది (2 తిమోతి 4:20). అందులో ఎవరి విశ్వాసాన్నీ తప్పుపట్టలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాన్న కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నప్పుడు ప్రార్థనకని ఇంటికొచ్చిన ఒకాయన ఇదే మాట నాన్న మొహం మీదే అన్నాడు. నాన్న ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత చిన్నప్పటి నుంచి చేసినవన్నీ తవ్వుకుంటూ కూర్చునేవారు, అసలే నీళ్లు కూడా కొలుచుకుని తాగాల్సిన మనిషికి పైన ఆ టెన్షన్ ఒకటి. అదే సంఘం నుంచి ఒక ఆంటీ కూడా వచ్చేవారు. ఆవిడ వాక్యం చెప్పేవారు కాదు. డయాలసిస్ అయ్యాక నాన్న నీరసంగా పడుకుంటే మంచం పక్కన కూర్చునేవారు, మా అమ్మను కాసేపు నడుం వాల్చమని గిన్నెలు తోమేసి వెళ్లేవారు. చావంటే భయంగా ఉందని నాన్న నోరు తెరిచి చెప్పింది ఆవిడ ఒక్కరికే.

బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు అలాగే నేల మీద కూర్చున్నారు, మాట్లాడలేదు. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అంతా చెడింది, చివరికి దేవుడు నా కోపం మండుతోంది అన్నది వాళ్ల ముగ్గురి మీదే.

కాబట్టి అలా మాట్లాడేవాళ్లను మీ అమ్మ గదిలోకి పంపకండి, పెద్దవాళ్లయినా సరే. వైద్యం మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దు. అమ్మకు దేవుడి మీద కోపం వస్తే కంగారుపడకండి, 88వ కీర్తన చదివి చూడండి, అలాంటి మొరను కూడా బైబిల్ దాచుకుంది. కీమోకి తోడు రాగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో సంఘంలోనే అడగండి, మా ఆంటీలాంటి వాళ్లు అడిగితేగానీ బయటపడరు.