నవలలు దాటి ఏం చదవాలి?

ప్రశ్న: ఈమధ్యే లైబ్రరీలో చేరానండీ. నవలలు తప్ప ఏం పట్టుకున్నా నిద్రొస్తుంది. మిగతా బీరువాల జోలికి ఎలా వెళ్లాలి?

జవాబు: నవలలు మానక్కర్లేదు, వాటితో పాటు ఇంకోటి తెచ్చుకోండి. మీ లైబ్రరీలో డ్యూయీ పద్ధతి (విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చి సర్దడం) ఉంటే, పుస్తకం వెన్ను మీద అంటించిన నంబరే దారి చూపిస్తుంది: 894.827 తెలుగు సాహిత్యం, 954 మన దేశ చరిత్ర, 910 దగ్గర యాత్రలు, 920లో జీవిత చరిత్రలు. ఈ చివరి రెండూ కథలాగే సాగిపోతాయి కాబట్టి ముందు అక్కడికే వెళ్లండి. అట్ట వెనక పొగడ్తలు నమ్మకుండా మధ్యలో ఓ పేజీ నిలబడే చదవండి, నచ్చకపోతే టేబుల్ మీద పెట్టేయండి (మీరే ఎక్కడో దోపేస్తే అది ఇంకెవరికీ దొరకదు). వీలైతే చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం అనే లైబ్రరీకి వెళ్లి రండి, పాత పత్రికల్లో ప్రకటనలు చూస్తూనే పూట గడిచిపోతుంది.