డాలర్ రేట్ల మీద పరిశోధన అంటే మా అమ్మాయి స్థిరపడేదెప్పుడు?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. అమ్మాయి బీఏ ఎకనామిక్స్ రెండో ఏడాది. మారకపు రేట్లు, విదేశీ పెట్టుబడుల మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. లండన్‌లో ఏడాది ఎంఎస్సీ ఫైనాన్స్ చేయిస్తే ఉద్యోగం త్వరగా వస్తుందని నేను ఎడ్యుకేషన్ లోన్ చూస్తున్నాను. ఫీజు, వీసా, జీతం అన్నీ చూస్తే ఏది మేలు?

జవాబు: కోర్సు పేరు ఏదైనా, మీ భయం అమ్మాయి తన కాళ్ల మీద తను నిలబడేదెప్పుడన్నదే. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాలు ఎకనామిక్స్ పీహెచ్‌డీలో చేర్చుకున్నవాళ్లకు సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. అప్పు అక్కర్లేదు. పట్టేది కాలం. మైసూరులో పెరిగి, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేసిన గీతా గోపీనాథ్ బీఏ 1992లో, ప్రిన్స్‌టన్ పీహెచ్‌డీ 2001లో పూర్తయ్యాయి. మధ్యలో తొమ్మిదేళ్లు. ఆ ఓపిక ఉందో లేదో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

లండన్ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. సెప్టెంబర్‌లో చేరితే పీహెచ్‌డీ దరఖాస్తులు డిసెంబర్‌కల్లా పంపాలి. అప్పటికి చేతిలో మార్కులుండవు, ప్రొఫెసర్లకు ఆమె ఎవరో సరిగ్గా తెలియదు. సిఫారసు లేఖ ఎవరు రాస్తారు? పైగా ఫీజు పౌండ్లలో, లోన్ రూపాయల్లో. లోన్ మంజూరయ్యాక రూపాయి పడితే ఆ తేడా మీ జేబులోంచే.

ఇంకో మాట, కటువుగా అనిపించినా చెప్పాలి. ఫీజు, వీసా, జీతం అడిగారు. అమ్మాయికి లెక్కలు ఎలా వచ్చో ఒక్క మాటా రాయలేదు. ఈ దారిలో మొదట చూసేది అదే. తండ్రిగా మీరు ముందు కనుక్కోవాల్సిందీ అదే.

డాలర్ రేపెంత అవుతుందో చెప్పే చదువని అనుకుంటే ఆ ఆశ వదులుకోండి. ఏడాది లోపు మారకపు రేటును అంచనా వేయడంలో, ‘రేపూ ఇవాళ్టి రేటే’ అనుకోవడం కన్నా అప్పటి సిద్ధాంతాలు మెరుగ్గా లేవని ఆర్థికవేత్తలు మీస్, రోగాఫ్ 1983లోనే చూపించారు. ఇక్కడి ప్రశ్నలు వేరు. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని అన్నదంతే, ఇంకా తగ్గించనే లేదు. 55 రూపాయల దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 దాటింది. ఎందుకు? అమెరికా నుంచి మనం కొనేది కొంచెమే అయినా దిగుమతుల బిల్లుల్లో ఎక్కువ భాగం డాలర్లలో ఎందుకు?

ఈ సెలవుల్లో అమ్మాయికి ఒక పని చెప్పండి. రిజర్వ్ బ్యాంక్ డేటాబేస్ నుంచి 2010–14 నెలవారీ డాలర్ రేటు, అమెరికా ఆర్థిక గణాంకాలుండే ఫ్రెడ్ వెబ్‌సైట్ నుంచి అక్కడి వడ్డీ రేటు తీసుకుని ‘ఆర్’ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఒకే గ్రాఫ్ గీయమనండి. ఫెడ్ పాలసీ రేటు తీసుకుంటే గీత సున్నా దగ్గరే పడుకుని ఉంటుంది, రెండింటికీ సంబంధమే లేదనిపిస్తుంది. 2013లో కదిలింది అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండ్ రాబడి. ఒకచోట నెల సగటు, మరోచోట నెలాఖరు రేటు తీసుకుంటే గీతలు పొసగవు. అంకె పెరిగితే రూపాయి పడినట్టు. అది మరిస్తే ఫలితమంతా తలకిందులు. ఈ తప్పులు తనంతట తాను పట్టుకుని, ఇంకో ప్రశ్నతో మీ దగ్గరికొస్తే ఆపకండి. విసుగొచ్చి వదిలేస్తే సీఎఫ్‌ఏ (పెట్టుబడుల రంగంలో వృత్తి అర్హత పరీక్ష), బ్యాంకు ట్రెజరీ ఉద్యోగాలున్నాయి, అవీ గౌరవమైనవే.

ముందుకెళ్తే ఎంఏ ఇక్కడే చేయించండి: మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), ముంబైలో ఐజీఐడీఆర్ (ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్). చెన్నై అయితే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఇంటికొస్తుంది. తర్వాత ఒకటి రెండేళ్లు ప్రీడాక్, అంటే ప్రొఫెసర్ దగ్గర జీతానికి డేటా పని. బలమైన సిఫారసు లేఖలు వచ్చేది అక్కడే. పీహెచ్‌డీ సీటు రాకపోయినా ఆ అనుభవంతో బ్యాంకుల్లో, రేటింగ్ సంస్థల్లో పరిశోధన ఉద్యోగాలకు వెళ్లొచ్చు.

లోన్ కాగితాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, రియల్ అనాలిసిస్ వచ్చే సెమిస్టర్లలో ఎలక్టివ్‌గా దొరుకుతాయేమో చూడమనండి. దొరక్కపోతే, గణితం డిపార్ట్‌మెంట్ క్లాసులో కూర్చోనిస్తారా అని రిజిస్ట్రేషన్‌కు ముందే వెళ్లి అడగమనండి.