కథ తాతలదే, సినిమా ఎవరిది?

ప్రశ్న: మేం ఉట్నూరు వైపు గోండు యువకులం, ఆరుగురం. మా ప్రధాన్ (గోండుల కథలు పాడే తెగ) పెద్దాయన కిక్రీ అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడే కథలు ఆయనతోనే ఆగిపోతాయేమోనని రెండేళ్లు తిరిగి డాక్యుమెంటరీ తీశాం. ఒక స్వచ్ఛంద సంస్థ కెమెరా ఇచ్చింది, ఎడిటింగ్ ఖర్చు పెట్టుకుంది. తీరా దాన్ని తమ నిర్మాణంగా యూట్యూబ్‌లో పెట్టి, ఫెస్టివల్స్‌కి పంపుకున్నారు. మా పేర్లు చివర్లో ‘స్థానిక సహకారం’ కింద వేశారు. ఇది జరిగి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. అడిగితే ‘ఒప్పందం ఏదీ?’ అంటున్నారు. రాతకోతలేమీ లేవు. కొన్ని మెమరీ కార్డులు కూడా చెరిపేశాం. మా తాతల కథ మాకు కాకుండా పోయింది, ఒకటే టెన్షన్. పాత తేదీతో ఒప్పందం రాసి పెట్టుకోమని తెలిసినాయన అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: చేయకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

కథ ఎవరిదన్న వాదనతో కోర్టుకు వెళితే నిలబడదు. తరతరాలుగా నోటి మీద నడిచే కథకు 1957 కాపీరైట్ చట్టంలో యజమాని లేడు. మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: ఈ సినిమాకు నిర్మాత ఎవరు? చట్టం లెక్కలో సినిమాకు కర్త నిర్మాతే, దర్శకుడు కాదు, కెమెరా పట్టినవాడూ కాదు. నిర్మాత అంటే చొరవ తీసుకుని, బాధ్యత నెత్తిన వేసుకున్నవాడు. తీద్దామన్నది ముందు ఎవరు, పెద్దాయనను ఒప్పించింది ఎవరు, షూటింగ్ రోజులు ఎవరు ఖాయం చేశారు, దారి ఖర్చులు ఎవరివి? జడ్జిగారు అడిగేవి ఇవే. కెమెరా అరువిచ్చినంత మాత్రాన ఎవరూ నిర్మాత అయిపోరు. ఎడిటింగ్ ఖర్చు వాళ్ల వాదనకు కొంత బలం, అంతే.

మీరు రాయని విషయం ఒకటుంది. సంస్థ మీకు డబ్బు ఇచ్చిందా? వాళ్లు అడిగితే, వాళ్ల దగ్గర ప్రతిఫలం తీసుకుని తీసిన సినిమా అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు సెక్షన్ 17 కింద తొలి హక్కు వాళ్లదే. తీసుకుని ఉంటే వకీలు దగ్గర దాచకండి. బ్యాంకు ఖాతా ఎలాగూ బయటపెడుతుంది.

డబ్బు తీసుకోలేదా? అయితే ‘ఒప్పందం ఏదీ?’ అని మీరే తిరిగి అడగండి. నిర్మాతలు మీరైతే, హక్కు వాళ్లకు బదిలీ కావడానికి మీ సంతకంతో రాతపూర్వక పత్రం ఉండాలి. సెక్షన్ 19 అదే చెబుతుంది. కాగితం లేకపోవడం వాళ్లకే చిక్కు. ఇంత అనుకూలంగా ఉన్నదాన్ని పాత తేదీ కాగితంతో మీ చేతులారా చెడగొట్టుకోకండి. స్టాంపు పేపరు ఎప్పుడు అమ్మారో రిజిస్టరు చెబుతుంది. అది ఫోర్జరీ. సివిల్ కేసు పోవడమే కాదు, ఆరుగురూ క్రిమినల్ కేసులో ముద్దాయిలవుతారు. ఆ సలహా ఇచ్చినాయన బోనులో మీ పక్కన నిలబడడు.

ఇక కార్డులు చెరిపేయడం! రెండేళ్ల శ్రమకు సాక్ష్యం అవే కదా. మిగిలిన కార్డులు, ఫోన్లు, హార్డ్ డిస్కులు ఈరోజు నుంచే వాడకం ఆపండి. ఒరిజినల్ ఫైళ్లలో తీసిన తేదీ ఉంటుంది. సంస్థతో వాట్సాప్ మాటలు, బస్సు టికెట్లు, పెట్రోలు రసీదులు పోగేయండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి.

గడువు సంగతి మీకు పట్టినట్టు లేదు. వీడియో ఉన్నన్నాళ్లూ ఉల్లంఘన సాగుతున్నట్టే కాబట్టి నిలుపుదల ఉత్తర్వు అడగొచ్చు. నష్టపరిహారానికి మాత్రం లిమిటేషన్ చట్టం 88వ ఆర్టికల్ ప్రకారం ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లే. మొదటి అప్‌లోడ్ తాలూకు డబ్బు నాలుగు నెలల్లో చేజారుతుంది. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు.

పెద్దాయన హక్కు వేరు. పాడినవాడిగా కాపీరైట్ చట్టం సెక్షన్ 38 కింద ఆయనకు ప్రదర్శకుడి హక్కు ఉంది. రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప నిర్మాత దాన్ని కాదనలేడు, వాణిజ్యంగా వాడుకుంటే రాయల్టీ కూడా ఉంది. ఆయన సంతకం సంస్థ తీసుకోలేదు సరే, మీరు తీసుకున్నారా? సంస్థను తప్పుపట్టే ముందు ఆ పని చేయండి. ఆయనకు గోండీలో చదివి వినిపించి, వాటా ఎంతో రాసి, ఊరి పెద్దల సాక్షి సంతకాలతో. ఆయన కూడా వాదిగా చేరితే కేసుకు బలం.

యూట్యూబ్‌కు ఫిర్యాదు పెట్టి ఊరుకోకండి. కాపీరైట్ నిబంధనల ప్రకారం 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు చూపకపోతే వీడియో మళ్లీ పైకి రావచ్చు. ఫిర్యాదుతో పాటే తాత్కాలిక నిలుపుదల పిటిషన్‌తో దావా సిద్ధంగా ఉండాలి. సంస్థ ఆఫీసు ఎక్కడున్నా కాపీరైట్ చట్టం సెక్షన్ 62 మీ నివాస ప్రాంతపు జిల్లా కోర్టులో వేయనిస్తుంది. మీది ఏజెన్సీ ప్రాంతం అయితే ఏ కోర్టుకు అధికారమో వకీలుతో ముందే తేల్చుకోండి. ఫీజుకు వెనకాడకండి. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కుల ధ్రువీకరణ పత్రం తీసుకుని ఈ వారమే వెళ్లండి. ఈలోగా సంస్థ ‘అభ్యంతరం లేదు’ అంటూ ఏ కాగితం పంపినా ఆరుగురిలో ఒక్కరు కూడా సంతకం పెట్టొద్దు.