డర్ట్ బైకు బెండు పైపుకు హీట్ షీల్డు: రేకు కన్నా సందు ముఖ్యం

మీ డర్ట్ బైకు బెండు పైపు (ఇంజన్ పొగను బయటికి తీసుకెళ్లే పైపు) మీది హీట్ షీల్డు, అంటే దాని వేడి కాలికి తగలకుండా అడ్డుండే రేకు, ఎక్కడో ఊడి పడిపోయిందని, ప్యాంటు కాలుతోందని, పక్కనున్న ప్లాస్టిక్ ప్యానెల్ కూడా మెత్తబడుతోందని రాశారు. ఇంట్లో రేకుతో చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. నేను మూడుసార్లు చేశాను, అందులో రెండుసార్లు చెడగొట్టాను. ఆ రెండింటి సంగతే ముందు చెబుతాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

మొదటిసారి అల్యూమినియం రేకును పైపుకు ఆనించి చుట్టి, రెండు హోస్ క్లాంపులతో (పైపు చుట్టూ వేసి స్క్రూతో బిగించే లోహపు పట్టీలు) గట్టిగా బిగించాను. చూడటానికి ముచ్చటగా ఉంది. పది నిమిషాలు నడిపి దిగేసరికి రేకు కూడా పైపులాగే కాగిపోయి ఉంది, ప్యాంటు నైలాను కరిగి దానికి అంటుకుంది. కాలుకు బూటు ఉండబట్టి బతికిపోయాను. అప్పటిదాకా వేడిని ఆపేది రేకు అనుకునేవాణ్ణి. ఆపేది రేకుకూ పైపుకూ మధ్య ఉండే గాలి. పైపు తాకకుండానే వెదజల్లే వేడిని మెరిసే రేకు చాలా వరకు వెనక్కి తిప్పికొడుతుంది. మిగిలినదాన్ని సందులో కదిలే గాలి మోసుకుపోతుంది. రేకు పైపును తాకితే ఈ రెండూ జరగవు, లోహం నుంచి లోహానికి వేడి నేరుగా పాకుతుంది. అందుకే 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలండి. ముందూ వెనకా అంచులు మూసేయకండి, గాలి ఒకవైపు దూరి మరోవైపు పోవాలి.

ఆ సందును నిలబెట్టే కాళ్లు స్టెయిన్‌లెస్ ఉక్కువి కావాలి. అల్యూమినియం మోసే వేడిలో ఇది మోసేది దాదాపు పదో వంతు మాత్రమే. సన్నని పట్టీని జడ్ అక్షరంలా వంచి, ఒక కాలు క్లాంపు కిందికి, రెండో కాలు రేకుకు వచ్చేలా పెట్టాను. పైపుకు వెల్డింగ్ చేయాలన్న ఆలోచన మానుకోండి. పల్చని పైపుకు చిల్లు పడితే షీల్డు ఖర్చు పోయి పైపు ఖర్చు మీద పడుతుంది.

రెండోసారి సందు బాగానే కుదిరింది కానీ నట్ల దగ్గర దెబ్బతిన్నాను. లోపల నైలాను రింగు ఉండే లాక్ నట్లు వాడాను. సుమారు 120 డిగ్రీలు దాటితే ఆ నైలాను పట్టు వదిలేస్తుంది. మూడో రోజుకే ఒక నట్టు మాయమైంది, షీల్డు ఒంటికాలి మీద వేలాడుతూ గలగలలాడింది. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లే వాడండి. ఇంకో పొరపాటు కూడా ఉంది: రెండు చివరలనూ కదలకుండా బిగించేశాను. 30 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ పైపు 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. రేకు అంత వేడెక్కదు, అంత సాగదు. కాబట్టి ఒక చివర మామూలు రంధ్రం, రెండో చివర పొడవాటి గాడి పెట్టండి. లేకపోతే రంధ్రాల దగ్గర పగుళ్లు మొదలవుతాయి.

రేకు ఎంపికకు వస్తే, మఫ్లర్ వైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. ఇంజన్ నుంచి పైపు బయటికి వచ్చే చోట మాత్రం నేను స్టెయిన్‌లెస్సే వాడతాను. ఫోర్ స్ట్రోక్ బైకును ఆపి ఉంచి ఇంజన్ ఊరికే తిరుగుతుంటే అక్కడ పైపు ఎర్రబడటం చీకట్లో కళ్లారా చూశాను, అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గరే. జింకు పూత ఉన్న రేకు జోలికి వెళ్లకండి. పూత కాలితే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

కోత పని పెద్ద విద్య కాదు. ముందు అట్టముక్కతో నమూనా కత్తిరించి బైకు మీద పెట్టి చూసుకోండి, తర్వాత రేకు కోసి, కాస్త లావు పైపు మీద వేసి చేత్తో వంచండి. అంచులను ఆకురాయితో రుద్దటం బద్ధకించకండి, బురదలో పడ్డప్పుడు అది కత్తే. బిగించాక కిక్ కొట్టి చూడండి, వెనక సస్పెన్షన్‌ను పూర్తిగా అణచి చూడండి, ఎక్కడా తగలకూడదు. క్లాంపు స్క్రూ తల కాలివైపు కాకుండా లోపలికి తిరిగి ఉండాలి. మొదటి రైడు తర్వాత బండి చల్లారాక అన్నీ మళ్లీ బిగించండి, ఒకటైనా వదులై ఉంటుంది.

సందు వల్ల ఒక తలనొప్పి ఉంది: ఎండుగడ్డి అందులో ఇరుక్కుంటుంది, అది అంటుకోగలదు. ప్రతి రైడు తర్వాత సన్నని కర్రతో గీకి తీసేస్తాను. పైపు చుట్టూ వేడిని తట్టుకునే గుడ్డపట్టీ చుట్టేస్తే సరిపోదా అంటే, డర్ట్ బైకుకు నాకు నచ్చదు. తడిని పీల్చుకుని మామూలు ఉక్కు పైపును లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది.

మీ ప్యానెల్ ఇప్పటికే మెత్తబడుతోందన్నారు కాబట్టి, దాని వెనకవైపు వేడిని తట్టుకునే అల్యూమినియం టేపు కూడా అంటించండి. ముందు జిడ్డంతా తుడవండి, లేదంటే మొదటి రైడుకే ఊడి వస్తుంది.