గ్రైండింగ్ మెషిన్లు చేసే కుటుంబ కంపెనీ ఎలా ఎదుగుతుంది? స్టూడర్ గురించి నాకు తెలిసింది

"నాన్నగారు పెట్టిన మెషిన్ షాపు మాది. స్టూడర్ లాంటి కుటుంబ కంపెనీలు ఒక్క గ్రైండింగ్ మెషిన్లతోనే అంత ఎలా ఎదిగాయి? జాబ్ వర్క్ నుంచి మెషిన్ తయారీకి వెళ్ళాలంటే మేం దేంతో మొదలుపెట్టాలి?" అని అడిగారు కదా. స్టూడర్ అంటే గ్రైండింగ్ మెషిన్లు చేసే స్విస్ కంపెనీ. నేను హైదరాబాద్ బాలానగర్‌లో చాలా ఏళ్ళుగా సిలిండ్రికల్ గ్రైండింగ్ జాబ్ వర్క్ చేస్తున్నాను, అంటే వేరేవాళ్ళిచ్చే గుండ్రటి లోహపు భాగాల్ని వేగంగా తిరిగే రాపిడి చక్రంతో (వీల్) అరగదీసి సైజుకి తెచ్చే పని. మా షాపులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత స్టూడర్ ఒకటుంది. ఆ మెషిన్ మీద రోజూ పని చేసేవాడిగా చెబుతున్నాను.

స్విస్ వాళ్ళు కాబట్టి, డబ్బుంది కాబట్టి ఎదిగారని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నేనలా అనుకోను. వాళ్ళు గుండ్రటి జాబ్‌ని (గ్రైండ్ చేసే భాగాన్ని మేం జాబ్ అంటాం) పట్టుకున్నారు, వదల్లేదు. అదే అసలు సంగతి.

ఫ్రిట్జ్ స్టూడర్ 1912లో స్విట్జర్లాండ్‌లోని తూన్ సరస్సు దగ్గర, స్టెఫిస్‌బర్గ్ ప్రాంతంలో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. ఈరోజుకీ కంపెనీ ఆ ఊళ్ళోనే ఉంది. షాఫ్టులు, స్పిండిళ్ళు (మెషిన్లో తిరిగే ఇరుసులు), బోర్లు (లోపలి రంధ్రాలు), అంటే గుండ్రంగా తిరిగే జాబ్‌ని లోపలా బయటా సైజుకి తేవడం, ఇదే వాళ్ళ పని. లేత్‌లోకి, మిల్లింగ్‌లోకి, ఇంకా పది రకాల మెషిన్లలోకి పోలేదు. ఇప్పటిదాకా వాళ్ళు చేసినవి 20 వేల మెషిన్లకు పైనే.

ఇంకో పాత ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి అదే దగ్గర. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం వేన్స్‌బరోలో లాండిస్ అన్నదమ్ములు ఆవిరి ఇంజన్ల పనిలో ఉండేవాళ్ళు. ఇంజన్ భాగాలు సరిగ్గా గుండ్రంగా రావాలంటే ఉన్న మెషిన్లు చాలక గ్రైండర్ తయారీలోకి దిగారు. 1897 నాటికి అది లాండిస్ టూల్ కంపెనీ అయింది. మెషిన్‌తో అవసరం పడ్డవాడే మెషిన్ చేశాడు. జాబ్ షాపు నడిపేవాళ్ళకి ఉన్న బలం ఇదే. ఏ మెషిన్ ఎక్కడ మొరాయిస్తుందో మనకి తెలిసినంతగా ఆఫీసులో కూర్చుని డ్రాయింగ్ గీసేవాడికి తెలియదు.

ఇక స్టూడర్ వాళ్ళు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది బెడ్, అంటే మెషిన్ అంతా కూర్చునే అడుగు దిమ్మ, గురించి ఆలోచించడం. మే నెలలో మా రేకుల షెడ్డుకి వచ్చి చూడండి. పొద్దున మెషిన్ ఆన్ చేసి, వీల్ డ్రెస్ చేసి (దాని అంచుని చెక్కి సరిచేసి), మొదటి షాఫ్టుని సైజుకి తెస్తాం. వీల్ ఇంకేమీ కొయ్యకుండా నిప్పురవ్వలు పలచబడి ఆగిపోయేదాకా ఉంచి, మైక్రోమీటర్ పెడితే కరెక్టుగా ఉంటుంది. మధ్యాహ్నం అదే డయల్, అదే రీడింగ్, అదే ఆపరేటర్. జాబ్ తీసి కొలిస్తే మూడు నాలుగు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పక్కకి పోయి ఉంటుంది. టాలరెన్స్, అంటే సైజులో ఒప్పుకునే తేడా, ఐదు మైక్రాన్లున్న జాబ్ అయితే ఊపిరాడదు. కారణం మామూలు భౌతికశాస్త్రమే. మీటరు పొడవు ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే 11, 12 మైక్రాన్లు సాగుతుంది. పోత ఇనుము బెడ్ కూడా దాదాపు అంతే. పైన ఎండ, లోపల హైడ్రాలిక్ ఆయిల్ వేడి, కూలెంట్ చల్లదనం, ఇవన్నీ బెడ్‌ని తలా ఓ వైపు లాగుతాయి. అందుకే మా షాపులో పని మొదలెట్టే ముందు స్పిండిల్‌ని, కూలెంట్‌ని కాసేపు ఊరికే తిప్పుతాం. మర్నాడు గ్రైండ్ చేయాల్సిన జాబ్‌లని ముందు రాత్రే మెషిన్ పక్కన పెడతాం.

మా దగ్గరున్నది పోత ఇనుము బెడ్ కాలం నాటి మెషిన్. 1970లలో స్టూడర్ వాళ్ళు ఆ బెడ్‌నే మార్చేశారు. రాతి ముక్కల్ని ఎపాక్సీ రెసిన్‌తో కలిపి అచ్చులో పోసి బెడ్ చేశారు, దానికి గ్రానిటాన్ అని పేరు పెట్టారు. వేడి అందులోకి చాలా నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి షెడ్డులో టెంపరేచర్ కాస్త అటూ ఇటూ అయినా బెడ్ వెంటనే కదలదు. వైబ్రేషన్‌ని పోత ఇనుము కంటే బాగా మింగేస్తుంది. చాటర్ అంటే ఏమిటో మీకు తెలుసు కదా, ట్యూబ్‌లైటు కింద షాఫ్టుని ఏటవాలుగా పట్టుకుంటే కనబడే ఆ సన్నటి అలల గీతలు. పార్టీ (పనిచ్చిన కస్టమర్) జాబ్ వెనక్కి పంపేది ఎక్కువగా వాటి వల్లే. పైగా దీన్ని చల్లగానే పోస్తారు. పోత ఇనుములో మిగిలిపోయే స్ట్రెస్‌లు పోవడానికి కాస్టింగుల్ని నెలల తరబడి ఆరుబయట పడేసినట్టు దీన్ని పడేయక్కర్లేదు. బెంగళూరులో జరిగే మెషిన్ టూల్స్ ఎగ్జిబిషన్ ఐఎంటెక్స్‌లో ఆ బెడ్ మెషిన్ మీద చెయ్యి ఆనించి నిలబడితే, వీల్ తిరుగుతున్నట్టే అనిపించలేదు. పక్కనున్న సేల్స్ అబ్బాయి కంట్రోల్ స్క్రీన్ చూపిస్తున్నాడు, నాకు మాత్రం ఆ బెడ్ మీదే ధ్యాస.

రెండోది, తిరిగే వీల్ హెడ్, అంటే వీల్‌ని పట్టుకుని ఉండే భాగం. బయట డయామీటరు గ్రైండ్ చేశాక, హెడ్ తిప్పితే అదే బిగింపులో లోపలి బోరు కూడా అయిపోతుంది. జాబ్ ఊడదీసి మళ్ళీ బిగిస్తే రనౌట్ (తిరిగేటప్పుడు జాబ్ కేంద్రం తప్పి ఊగడం) ఎక్కడో ఓ చోట దూరుతుంది. ఆ బెడద లేకపోవడం ఎంత సుఖమో స్పిండిల్ గ్రైండ్ చేసేవాళ్ళని అడగండి.

మనుషుల విషయానికొస్తే, స్విట్జర్లాండ్‌లో మెకానిక్ అప్రెంటిస్‌షిప్ నాలుగేళ్ళు. ఫ్యాక్టరీలో పనీ, స్కూల్లో చదువూ కలిసే నడుస్తాయి. ఊరి పిల్లలు ఊళ్ళో కంపెనీలోనే పని నేర్చుకుంటారు. మన దగ్గర కుర్రాడు వీల్ మోగించి పగులుందో లేదో చెప్పడం నేర్చుకునేలోపే ఇంకో షెడ్డుకి వెళ్ళిపోతాడు. జీతం తక్కువిచ్చి వాణ్ణి తప్పు పట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. స్టూడర్ ఇప్పుడు ఆ కుటుంబం చేతిలో లేదు. 1990లలో సిగరెట్ మెషిన్లతో పేరు తెచ్చుకున్న జర్మనీ కూర్బర్ గ్రూపులోకి వెళ్ళింది. 2018లో ఆ గ్రైండింగ్ విభాగం మొత్తం, అంటే యునైటెడ్ గ్రైండింగ్, స్విస్ పెట్టుబడిదారుల చేతికొచ్చింది. అందులో మేగెర్లే, బ్లోమ్, వాల్టర్ లాంటి కంపెనీలూ ఉన్నాయి. ఒక్కో కంపెనీ తన రకం గ్రైండింగే చేసుకుంటుంది. యాజమాన్యం మారినా పని మారలేదు. కుటుంబం చేతిలో ఉంటేనే నాణ్యత ఉంటుందని నేననను.

మన సంగతి. హైదరాబాద్‌కి ఈ పని కొత్త కాదు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ సర్ఫేస్ గ్రైండర్లు, టూల్ అండ్ కటర్ గ్రైండర్లు చేసింది. 1968 నుంచి బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే సంస్థ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. స్క్రేపింగ్ (లోహపు తలాన్ని చేత్తో గీకి చదును చేయడం) తెలిసిన పెద్దవాళ్ళు ఈ షెడ్లలో ఇంకా దొరుకుతారు, వాళ్ళ దగ్గర మీ అబ్బాయిల్ని కూర్చోబెట్టండి.

మీరు నేరుగా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యూనివర్సల్ గ్రైండర్ మీదకి వెళ్ళొద్దు. ముందు పాత గ్రైండర్లని విప్పి రీకండిషన్ చేయండి. గైడ్‌వేలు (టేబుల్ జారే పట్టాలు) స్క్రేప్ చేసి, స్పిండిల్ బేరింగులు మార్చి, టేపర్ (ఒక చివర లావు, ఒక చివర సన్నం రావడం) పోయేదాకా టెస్ట్ బార్ పెట్టి చూసుకుంటే మెషిన్ ఎక్కడ తప్పుతుందో చేతికి తెలుస్తుంది. తర్వాత మీరు రోజూ చేసే ఏదో ఒక్క జాబ్ కోసం ప్రత్యేకంగా ఒక గ్రైండర్ కట్టండి, మీ షాపులోనే నడపండి. ఏడాది నడిచాక అమ్మకం సంగతి చూడొచ్చు. మీ దగ్గర ఎక్కువగా వచ్చే జాబ్ ఏమిటి, ఏ మెటీరియల్, టాలరెన్స్ ఎంత? అది రాస్తే ఏ మెషిన్‌తో మొదలుపెట్టొచ్చో కింద వివరంగా చెప్తాను.