సమాధానం: పుదీనాలో మెంథాల్ చల్లదనం ఎందుకు లేదంటే

కూకట్‌పల్లి బాల్కనీలో రైతుబజార్ పుదీనా కాడలు నాటితే ఏపుగా పెరిగినా మెంథాల్ చల్లదనం రావట్లేదు, ఎరువు మార్చాలా అని అడిగారు. టెన్షన్ వద్దండీ, లోపం ఎరువుది కాదు. కూర పుదీనా సాధారణంగా స్పియర్‌మింట్ రకం.

ఆకు మీది సన్నని నూనె గ్రంథుల్లో స్పియర్‌మింట్, పెప్పర్‌మింట్ రెండూ మొదట లిమోనీన్ అనే నిమ్మ వాసన పదార్థాన్నే తయారు చేస్తాయి. దాని అణువులోని ఆరో కార్బన్ దగ్గర ఆక్సిజన్ చేర్చే ఎంజైమ్ జన్యువు స్పియర్‌మింట్‌లో ఉంటుంది, అందుకే చల్లదనం ఇవ్వని కార్వోన్ అనే వాసన పదార్థం వస్తుంది. పెప్పర్‌మింట్‌లో మూడో కార్బన్ దగ్గర చేరుతుంది, చివరికి మెంథాల్ అవుతుంది. స్పియర్‌మింట్ ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే చాలు, దారే మారిపోతుందని ప్రయోగాల్లో తేలింది. నాకెప్పుడూ అబ్బురమే!

మెంథాల్ కావాలంటే అది దండిగా ఉండే జపాన్ పుదీనా పిలకలు తెచ్చుకోండి. బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రంలో అడిగి చూడండి. విత్తనాలు మాత్రం వద్దు, తల్లి మొక్క గుణం నిలవదు. ఎండ బాగా తగిలేచోట పెట్టండి.